వెండి సల్ఫైడ్ క్వాంటమ్ డాట్లు: వెలుగు బాగుంది, లేబుల్ బాగోలేదు

బరంపురంలో మా ల్యాబ్‌కి ఈ వెండి సల్ఫైడ్ క్వాంటమ్ డాట్ల సీసా ఏప్రిల్ ఎండల్లో వచ్చింది. ఇవి నానోమీటర్ల సైజు వెలిగే గింజలు; నరంలోకి ఎక్కించి ఒంటి లోపలి రక్తనాళాల్ని కెమెరాతో చూస్తాం. ఐస్ ప్యాకులు సగం కరిగినా మందు చల్లగానే ఉంది. ముదురు గోధుమ రంగు, అడుగున ముద్దకట్టలేదు. ప్యాకింగ్‌కి వంక పెట్టను.

ఇదివరకు ఇండోసయనిన్ గ్రీన్ వాడేవాళ్లం. మంచి రంగే, 1959 నుంచి ఆసుపత్రుల్లో ఉంది. కానీ కాలేయం దాన్ని నిమిషాల్లోనే లాగేసుకుంటుంది. చుంచెలుకకి తోక నరంలో ఎక్కించి కెమెరా కింద సర్దేసరికే వెలుగు దిగిపోయేది. దాణాలో లూసర్న్ గడ్డి ఉంటే పత్రహరితం వల్ల పొట్ట కూడా మెరిసి చికాకు పెట్టేది.

ఈ డాట్లు 1000 నానోమీటర్లు దాటిన తరంగదైర్ఘ్యంలో, కంటికి కనబడని కాంతితో వెలుగుతాయి. అక్కడ కాంతి కండలో తక్కువ చెదురుతుంది, ఒంటి సొంత మెరుపూ బాగా తగ్గిపోతుంది. మత్తులో ఉన్న చుంచు వెనక కాలు తెరమీద చూస్తే తొడ నుంచి మడమ దాకా రక్తనాళం, దాని సన్నటి చీలికలు పట్టుచీర అంచులో జరీ పోగుల్లా విడివిడిగా కనిపించాయి. ఈ కాంతిని పట్టాలంటే ఇండియం గాలియం ఆర్సెనైడ్ కెమెరా ఉండాలి. మామూలు సిలికాన్ కెమెరాతో సరిపెట్టుకుందామనుకునేవాళ్లు డబ్బు పోగొట్టుకోవద్దు.

ఇచ్ఛాపురం నుంచి వచ్చి జంతువుల్ని చూసుకునే బాబాయి మర్నాడు అడిగాడు: "నిన్నటి చుంచే కదమ్మా, మళ్లీ దీన్నే చూస్తారా?" అవును, దాన్నే. లేకపోతే మందు ఎక్కడికి చేరిందో తెలియడానికి పూటకో ప్రాణిని కోయాలి. ఆ ప్రాణాలు మిగలడమే నాకు అన్నిటికన్నా ముఖ్యం.

అదే ప్రాణిని మళ్లీ మళ్లీ చూడాలంటే మందు ఒంట్లోంచి బయటికి పోతుందో లేదో ముందే తెలియాలి, అందుకే లేబుల్ మీద నాకు కోపం. డాట్ సైజు 3 నానోమీటర్లని రాశారు. అది లోపలి గింజ కొలత మాత్రమే. పైన పెగ్ అనే పాలిమర్ పొరతో, నీళ్లలో ఎంతుంటుందో రాయలేదు. మూత్రపిండాలు వడకట్టి బయటికి పంపాలంటే దాదాపు 5.5 నానోమీటర్ల లోపు ఉండాలని 2007లోనే తేలింది. మేం కొలిస్తే అంతకు బాగా ఎక్కువే వచ్చింది. అనుకున్నట్టే కాలేయంలో, ప్లీహంలో రోజుల తరబడి వెలుగు నిలిచిపోయింది. విషలోహమైన కాడ్మియం లేదు కాబట్టి కొంత నయం. అంతమాత్రాన "పూర్తి సురక్షితం" అని అచ్చువేస్తే నేనొప్పుకోను. ఫోన్ చేసి అడిగితే అసలు కొలతల రిపోర్టు పంపారు, అడిగాక మాత్రమే.

మళ్లీ కొంటాను. కానీ ఆ బ్యాచ్‌ని నీళ్లలో కొలిచిన కాగితం చేతికొచ్చాకే ఆర్డర్ పెడతాను. సీసాని 4 డిగ్రీల ఫ్రిజ్‌లో, వెలుతురు తగలకుండా ఉంచండి. ఫ్రీజర్‌లో పెడితే డాట్లు ముద్దకట్టే ప్రమాదం ఉంది, అలాంటిదాన్ని నరంలోకి ఎక్కించకూడదు.