యాంప్ ఫ్యూజులు వరసగా ఎగిరిపోతున్నాయా? పెద్ద ఫ్యూజా, రిపేరా, కొత్తదా, ఏది మేలు?

కారులో స్టీరియో సౌండుని పెంచి స్పీకర్లకి ఇచ్చే యాంప్ (యాంప్లిఫయర్) ఫ్యూజు ఒకసారి పోతే ఎవరూ పెద్దగా పట్టించుకోరు, ఇంకోటి పెట్టేస్తారు. రెండోసారి పోతే చిరాకు. మూడోసారికి టెన్షన్ మొదలవుతుంది, మొహం పక్కకి తిప్పుకుని మరీ గుచ్చుతాం. సరిగ్గా అక్కడే మూడు ఆలోచనలు వస్తాయి: 30 ఆంపియర్లది తీసేసి 40 పెడితే ఆగుతుందేమో, విప్పించి లోపల పోయిన పార్టు మార్పిస్తే సరిపోతుందేమో, ఇదంతా ఎందుకు కొత్తది కొనేస్తే పోలా. వీటికి నేను నాలుగోది కలుపుతాను, యాంప్ జోలికి పోకుండా ముందు వైర్లూ స్పీకర్లూ చూసుకోవడం. నన్నడిగితే మొదట చేయాల్సింది ఈ నాలుగోది, అస్సలు చేయకూడనిది మొదటిది, అసలు పోటీ అంతా మధ్యలో ఉన్న రెండింటికే.

పెద్ద ఫ్యూజు సంగతి ముందు తేల్చేద్దాం. ఫ్యూజు ఉన్నది యాంప్‌ని కాపాడటానికే అని చాలామంది అనుకుంటారు. ఫ్యూజులు బ్యాటరీ దగ్గరా యాంప్ మీదా ఉంటాయి, బ్యాటరీ దగ్గర ఉండేది కాపాడేది వైరుని. కారు బ్యాటరీని నేరుగా షార్ట్ చేస్తే వందల ఆంపియర్లు ఇచ్చేస్తుంది, అప్పుడు ఫ్యూజు తెగకపోతే కాలేది వైరే, ఆ వైరేమో కార్పెట్ కింద నుంచి వెళ్తుంటుంది. సరే, ప్రమాదం మాట పక్కన పెట్టినా దీనివల్ల ఒరిగేదేమీ లేదు. 30 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజు 31 రాగానే తెగిపోదు. పది శాతం ఎక్కువైనా గంటల తరబడి మోస్తుంది, రెట్టింపు కరెంటుని కూడా కొద్ది సెకన్లు ఓర్చుకోగలదు. కాబట్టి పెట్టీ పెట్టగానే ఠప్పుమందంటే ఎక్కువవుతున్నది నాలుగైదు ఆంపియర్లు కాదు, ఎన్నో రెట్లు. అక్కడ 40 పెడితే 40 కూడా పోతుంది, అంతే తేడా. పోయిన ఫ్యూజుని వెలుతురులో పెట్టి చూసినా కొంత తెలుస్తుంది: లోపలంతా నల్లగా మసిబారితే గట్టి షార్ట్, మధ్యలో తీగ శుభ్రంగా కరిగి తెగితే మెల్లగా పెరిగిన లోడ్. తీగ బాగానే ఉండి ప్లాస్టిక్ మాత్రం కరిగిందంటే అసలు తప్పు కరెంటుది కాదు, హోల్డర్ వదులై అక్కడ వేడి పుడుతోంది. హోల్డర్ మారిస్తే అయిపోయే పనికి యాంప్ మార్చినవాళ్లున్నారు.

పెద్దది పెట్టడం సరైన సందర్భం ఒక్కటే ఉంది, ఇదివరకు ఎవరో ఉండాల్సిన దానికంటే చిన్నది పెట్టి ఉంటే. యాంప్ మీద ఫ్యూజు పక్కన నంబరు రాసి ఉంటుంది, రెండు 25లు ఉన్నచోట రెండు 15లు కనబడితే అవి మార్చండి, తప్పులేదు.

ఇక రిపేరా కొత్తదా అనేది తేలాలంటే ముందు ఫ్యూజు ఎప్పుడు పోతోందో గమనించాలి. యాంప్‌ని ఆన్ చేయమని స్టీరియో నుంచి వచ్చే సన్న వైరుకి, అంటే రిమోట్ వైరుకి, కరెంటు రాకముందే, మరోలా చెప్తే స్టీరియో ఆఫ్‌లో ఉండగానే, బ్యాటరీ కలిపిన క్షణంలో పోతే యాంప్ లోపల పవర్ సప్లై ముందు భాగం షార్ట్ అయి ఉంటుంది, లేదా దారిలో ఎక్కడో పాజిటివ్ వైరు కారు బాడీకి తగులుతోంది. కలిపినప్పుడు బాగానే ఉండి స్టీరియో ఆన్ చేయగానే పోతే సప్లై పనిచేయడం మొదలుపెట్టగానే ఏదో లాగేస్తోందన్నమాట, సప్లై చివర ఉండే రెక్టిఫయర్ డయోడ్లో, స్పీకర్లని నడిపే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లో అయ్యుండొచ్చు. మామూలుగా పాడుతూ ఉండి వాల్యూమ్ పెంచినప్పుడో కారు గతుకుల్లో పడ్డప్పుడో పోతే మాత్రం యాంప్‌ని తిట్టకండి, తొంగిచూడాల్సింది స్పీకర్ల వైపు.

ఇది నేను కాస్త ఆలస్యంగా నేర్చుకున్న విషయం. ఒక సాయంత్రం నాలుగు ఫ్యూజులు తగలేశాను, ఇక యాంప్ పోయిందని నిశ్చయించుకుని కొత్తవాటి గురించి చదవడం కూడా మొదలుపెట్టాను. చివరికి చూస్తే సీటు పట్టాల కింద సబ్‌వూఫర్ (బేస్ కోసం పెట్టే పెద్ద స్పీకరు) వైరు నలిగి లోపలి రాగి బాడీకి తగులుతోంది, సీటు వెనక్కి జరిపినప్పుడు మాత్రమే. ఆ కారు నేను నడిపితే పోదు, పొడుగు కాళ్లవాళ్లు నడిపితే పోతుంది. యాంప్‌కి ఏమీ కాలేదు, అది మన అదృష్టం.

అందుకే వెతకడానికి ఫ్యూజులు కాల్చడం మేలా, మల్టీమీటరు మేలా, బల్బు మేలా అంటే నేను కళ్లు మూసుకుని బల్బు అంటాను. ఇండికేటర్‌లో వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బు తీసుకుని, బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఉండాల్సిన చోట దాని రెండు వైర్లూ కలపండి. ముందు స్పీకర్లు, ఆడియో కేబుళ్లు, రిమోట్ వైరు అన్నీ ఊడదీయండి, యాంప్ మీద ఉండే ఫ్యూజులు మాత్రం మంచివి ఉండాలి. ఆ బల్బు దాదాపు 1.75 ఆంపియర్లకి మించి పోనివ్వదు, కాబట్టి లోపల ఎంత షార్ట్ ఉన్నా బల్బు వెలుగుతుంది తప్ప ఇంకేమీ కాలిపోదు. ఒక్క మెరుపు మెరిసి ఆరిపోతే కెపాసిటర్లు నిండాయి, మంచిదే. నిండుగా వెలుగుతూ ఉండిపోతే షార్ట్. ఒకసారి యాంప్ దగ్గర పాజిటివ్ వైరు ఊడదీసి, చివర దేనికీ తగలకుండా చూడండి, అప్పుడూ వెలుగుతుంటే షార్ట్ వైరుదే, ఆరిపోతే యాంప్‌ది. మొదట్లోనే మెరిసి ఆరిపోయి ఉంటే రిమోట్ వైరు కలిపి స్టీరియో ఆన్ చేసి చూడండి, అప్పుడు నిండుగా వెలిగితే పైన చెప్పిన రెండో రకం. అప్పుడూ వెలగలేదా, ఆడియో కేబుళ్లు కలిపి పాట చిన్నగా పెట్టి స్పీకర్లు ఒక్కొక్కటే కలుపుతూ పోండి, దేనికి వెలిగితే దొంగ అదే. పెద్ద యాంప్ అయితే ఊరికే ఉన్నప్పుడే ఒకటిన్నర రెండు ఆంపియర్లు లాగొచ్చు, దాంతో బల్బు సగం వెలుగుతూ యాంప్ ఆన్ అవుతూ ఆఫ్ అవుతూ ఉంటుంది, కంగారు పడక 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు పెట్టి చూడండి.

మల్టీమీటరు వద్దని కాదు, స్పీకర్లకి అదే కావాలి. 4 ఓముల స్పీకరు కాయిల్ మీటరు మీద మూడున్నర అటూఇటూగా చూపిస్తుంది. ఒకటి దగ్గరకొస్తే కాయిల్ పోయింది. యాంప్ నుంచి ఊడదీసిన స్పీకరు వైరు ఏ కొనైనా కారు బాడీతో కలిపి చూస్తే ఏమీ చూపించకూడదు. రెండు కాయిల్స్ ఉన్న సబ్‌వూఫర్‌లో 4, 4 పక్కపక్కన కలిపితే 2 ఓములు అవుతుంది, ఒకదాని వెనక ఒకటి కలిపితే 8. బ్రిడ్జ్ చేసినప్పుడు, అంటే రెండు ఛానళ్లని ఒకటిగా కలిపి వాడినప్పుడు, 4 కంటే తగ్గకూడదని రాసి ఉన్న యాంప్‌కి ఆ 2 తగిలిస్తే అది పాడినంతసేపు పాడి ఫ్యూజు కొట్టేస్తుంది, అది రోగం కాదు, మనం చేసిన కలపడం. ఎర్త్, అంటే కారు బాడీకి బిగించే మైనస్ వైరు కూడా చూడండి. పెయింటు గీకకుండా బోల్టు బిగించిన ఎర్త్‌లో పదో వంతు ఓము అడ్డున్నా 40 ఆంపియర్ల దగ్గర 4 వోల్టులు అక్కడే పోతాయి, తగ్గిన వోల్టేజీని సరిచేసుకునే రకం సప్లై ఉన్న యాంప్ అప్పుడు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది.

ఇవన్నీ బాగుండి తప్పు లోపలే అని తేలాక ఇప్పుడు రిపేరు కొత్తది పక్కపక్కన పెట్టి చూద్దాం. బ్యాటరీ మార్చినప్పుడు ప్లస్సు మైనస్సు తారుమారైన తర్వాత మొదలైన సమస్య అయితే అస్సలు కొత్తది కొనకండి. చాలా యాంపుల్లో అలాంటప్పుడు తానే షార్ట్ అయి మిగతావాటిని కాపాడే డయోడు ఒకటుంటుంది, చిన్న పార్టు, అది మారిస్తే మళ్లీ పాడే అవకాశం బాగా ఉంది. పవర్ సప్లైలోని మాస్‌ఫెట్లు (ఒక రకం ట్రాన్సిస్టర్లు) పోయినా రిపేరే మేలు. 12 వోల్టులని ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా పెంచేది ఇవే, పోతే ఎక్కువగా షార్ట్ అయ్యే పోతాయి. కానీ ఇక్కడ మెకానిక్ ఎలాంటివాడన్నదే అసలు లెక్క. నాలుగింట్లో చచ్చిన ఒక్కదాన్నే మార్చి ఇచ్చేవాడు మీకు రెండు వారాల పాట మాత్రమే ఇస్తాడు. ఒక వరుసలో ఉన్నవన్నీ ఒకే నంబరువి పెట్టాలి, వాటి గేటు రెసిస్టర్లు, వాటిని నడిపే ఐసీ కూడా చూడాలి, వాటికీ వేడి లాగే లోహపు హీట్‌సింక్‌కీ మధ్య ఉండే మైకా రేకు చిరిగితే కొత్తది వేయాలి. హీట్‌సింక్‌కి బిగించకుండానే ఆన్ చేసి గట్టిగా వాయించి చూసేవాడి దగ్గర నుంచి అయితే యాంప్ వెంటనే వెనక్కి తెచ్చేసుకోండి.

సప్లైతో పాటు అవుట్‌పుట్ కూడా పోయి, బోర్డు నల్లగా కాలి రాగి గీతలు లేచిపోతే కొత్తదే నయం. చిన్న చిన్న చిప్పులతో కిక్కిరిసిన, క్లాస్ డి అనే కొత్త రకం యాంప్ కూడా అంతే, దాన్ని సరిగ్గా బాగుచేయగలిగేవాళ్లు తక్కువ. క్లాస్ ఏబీ అనే పాత రకం యాంపులు బరువుగా పెద్దగా ఉంటాయి, కాళ్లున్న పార్టులు కాబట్టి ఊడదీయడం తేలిక. వాటిని పారేయాలంటే నాకు ప్రాణం ఒప్పదు, ఇందులో నా పక్షపాతం ఉందని ఒప్పుకుంటాను.

కొత్తది కొనేటప్పుడు డబ్బా మీద రాసిన వాట్లు చదవకండి, ఫ్యూజులు చదవండి. రెండు 25లు ఉంటే 50 ఆంపియర్లు, 14.4 వోల్టులతో గుణిస్తే లోపలికి పోయేది 720 వాట్లు. క్లాస్ డి అయితే అందులో 80 శాతం, అంటే 575 దాకా బయటికి రావచ్చు, క్లాస్ ఏబీ అయితే 60 శాతం వేసుకున్నా 430. ఒక్క 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి పైన 2000 వాట్లని అచ్చేసిన దాన్ని చూస్తే నవ్వొస్తుంది. కాబట్టి మీ పాత యాంప్‌లో నిజంగా 500 వాట్లు ఉండి, కొత్తదాంట్లో లేకపోతే మీరు డబ్బు పెట్టి కిందికి దిగుతున్నట్టే.

రిపేరై వచ్చినదైనా కొత్తదైనా మొదటిసారి కలిపేటప్పుడు ఆ 21 వాట్ల బల్బు మీదుగానే కలపండి. మెరిసి ఆరిందా, అప్పుడు బల్బు తీసేసి యాంప్ మీద రాసిన నంబరు ఫ్యూజు పెట్టండి. ఆ తర్వాత సీటు ఒకసారి పూర్తిగా వెనక్కి జరిపి చూడటం మర్చిపోకండి.