నక్షత్రాలు పక్కన పెడితే మంచి యాప్

పోయినేడు ఒక తెల్లవారుజామున ఈ సర్ఫ్ ఫోర్‌కాస్ట్ యాప్ (సర్ఫింగ్‌కి అలలు ఎలా ఉంటాయో ముందే చెప్పేది) మా రీఫ్‌కి, అంటే నీళ్ల కింది రాతి గుట్టకి, ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చింది. స్వెల్ (దూరం నుంచి వచ్చే అలలు) 0.4 మీటరు, పీరియడ్ (ఒక అలకీ తర్వాతి అలకీ మధ్య సమయం) 19 సెకన్లు, గాలి దాదాపు లేదు. మోకాలెత్తు అలలేగా, రెండు మూడు పట్టుకుని వచ్చేద్దాంలే అని చిన్న బోర్డు తీసుకుని దిగాను. పావుగంట సేపు సముద్రం చెరువులా పడుకుంది. బోర్డు మీద కూర్చుని ఆవులించడం కూడా గుర్తుంది. అప్పుడు దూరంగా నీటి మీద ఒక గీత నల్లబడింది. దాని వెనక ఇంకోటి. మొత్తం ఐదు వచ్చాయి. మొదటిదే నా ఛాతీ దాటి లేచింది. నేనున్న చోట రీఫ్ మీద నడుము లోతు నీళ్లు కూడా లేవు. బోర్డు అడుగున రెక్కలా ఉండే మధ్య ఫిన్ విరిగింది, ఎడమ మడమకి ఆరు కుట్లు పడ్డాయి. కుట్లు వేస్తుంటే ఫోన్ తీసి చూశాను. ఇంకా ఒక్క నక్షత్రమే.

ఆ యాప్‌కే మూడేళ్లుగా డబ్బు కడుతున్నాను, ఇంకా కడతాను కూడా. అందుకే ఈ రివ్యూ. పేరు మాత్రం రాయను. నేను వాడి చూసిన మిగతా రెండు యాప్‌లకీ ఇవే జబ్బులున్నాయి, దీన్ని ఒక్కదాన్నే ఆడిపోసుకోవడం న్యాయం కాదు.

ముందు నేను దిగే చోటు గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే నా గోల అర్థం కాదు. పడమటి వైపు ఒక రాతి మొన ఉంది, తీరం దక్షిణానికి తిరిగి ఉంటుంది. స్వెల్ ముందు బయటి రీఫ్‌ని తగిలి నిలువుగా లేస్తుంది. టేకాఫ్, అంటే అల పట్టుకుని బోర్డు మీద లేచి నిలబడేది, అక్కడే, తప్పిపోతే కింద రాయే. లేచిన అల అక్కడి నుంచి మొన వెంబడి కుడివైపుకి రెండు వందల మీటర్లు ఒలుచుకుంటూ పోతుంది. దిగడానికీ ఎక్కడానికీ రాళ్ల మధ్య ఒక్క సందే దారి. కొత్తవాళ్లకి పనికొచ్చే చోటు కాదు, యాప్‌లో కూడా ‘ఎక్స్‌పర్ట్’ అని ఎర్ర అక్షరాల్లో ఉంటుంది. ఆ ఎర్ర అక్షరాల పక్కనే ఇసుక బీచ్‌కి ఇచ్చే నక్షత్రాలే దీనికీ ఇస్తారు. నా అసలు ఫిర్యాదు అది.

నక్షత్రం ఎలా పుడుతుందో మూడేళ్లుగా చూసి నాకు అర్థమైంది ఇంతే: అల ఎత్తు పెరిగితే పెరుగుతుంది, సముద్రం వైపు నుంచి గాలి వీస్తే తగ్గుతుంది. పీరియడ్‌కి ఇచ్చే విలువ చాలా తక్కువ, దిక్కుకి ఇంకా తక్కువ, ఆటుపోట్లకి సున్నా. రీఫ్ మీద, పాయింట్ (మొన) మీద అంతా నడిచేది మాత్రం సరిగ్గా ఆ మూడింటి మీదే.

పీరియడ్ సంగతే తీసుకోండి. లోతు నీళ్లలో అల పొడవు కావాలంటే పీరియడ్‌ని దానితోనే గుణించి, మళ్లీ 1.56తో గుణించాలి. 8 సెకన్ల అల పొడవు 100 మీటర్లు. 19 సెకన్లదైతే 560 మీటర్ల పైమాటే. తన పొడవులో సగం లోతుకి వచ్చేసరికి అలకి అడుగు తగలడం మొదలవుతుంది. అంటే 8 సెకన్ల అలకి 50 మీటర్ల లోతు దాకా కింద నేల ఉందన్న సంగతే తెలియదు. 19 సెకన్ల అల 280 మీటర్ల లోతు నుంచే తడుముకుంటూ, వంగుతూ, బలం కూడగట్టుకుంటూ వస్తుంది. మొన చుట్టూ తిరిగేది ఆ వంగే అలే. రీఫ్ మీద ఒక్కసారిగా మీదికి లేచేదీ అదే. అందుకే 0.4 మీటరు అని రాసి ఉన్నది నా ఛాతీ దాటి లేచింది. తప్పు అంకెది కాదు, ఆ అంకెని చూసి ఒక్క నక్షత్రం వేసిన లెక్కది. పక్కన 19 అని ఉన్నా ఆవులిస్తూ కూర్చున్న నాది కూడా, ఒప్పుకుంటాను.

ఆ రోజు వచ్చింది దూరపు తుఫాను పంపిన మొదటి విడత. స్వెల్ గుంపు వేగం కావాలంటే పీరియడ్‌ని 2.8తో గుణించండి, గంటకి ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 18 సెకన్ల స్వెల్ గంటకి 50, 12 సెకన్లది 34. తుఫాను 4,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే మొదటిది మూడు రోజుల పైన కొన్ని గంటల్లో వచ్చేస్తుంది, రెండోదానికి దాదాపు ఐదు రోజులు పడుతుంది. 1963లో వాల్టర్ మంక్ బృందం దక్షిణార్ధగోళపు తుఫాన్ల స్వెల్‌ని న్యూజిలాండ్ నుంచి అలాస్కా దాకా వరసగా స్టేషన్లు పెట్టి వెంబడించింది. అలలు అంత దూరం ప్రయాణిస్తాయని కొలిచి చూపించింది వాళ్లే. ముందొచ్చే ఈ పొడుగు అలలు ఎత్తులో తక్కువ, సెట్‌కీ సెట్‌కీ (అలల గుంపుకీ గుంపుకీ) మధ్య ఖాళీ ఎక్కువ. ఒడ్డున ఐదు నిమిషాలు నిలబడి ‘ఏమీ లేదు’ అనుకుంటే దొరికిపోతాం. ఇప్పుడు నేను రాతి మీద అరగంట కూర్చుంటాను, వాచీ చూసుకుంటూ. పక్కనవాళ్లు నవ్వినా సరే.

యాప్‌లో నాకు బాగా నచ్చిందీ ఇక్కడే ఉంది. నక్షత్రాల కింద ఒక చిన్న బాణం గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కితే స్వెల్‌లు విడివిడిగా తెరుచుకుంటాయి. చాలామంది దాన్ని ముట్టుకోరు. పైన పెద్ద అక్షరాల్లో 2.0 మీటర్లు అని ఉంటుంది. కింద తెరిస్తే 1.2 మీటర్లు, 14 సెకన్లు, 210 డిగ్రీలు (స్వెల్ వచ్చే దిక్కు, ఉత్తరం నుంచి సవ్యదిశలో లెక్క) ఒకటి, 1.6 మీటర్లు, 7 సెకన్లు, 120 డిగ్రీలు ఇంకోటి. 1.2కి 1.6 కలిపితే 2.8 కదా అనకండి. అలల ఎత్తులు అలా కలవవు, వర్గాలు కలిపి వర్గమూలం తీయాలి, సరిగ్గా 2.0 వస్తుంది. మా మొనకి పనికొచ్చేది ఆ 210 డిగ్రీలది ఒక్కటే. రెండోది పక్కనుంచి వచ్చి నీళ్లని గతుకుల రోడ్డు చేసి పోతుంది. అలాంటి రోజు యాప్ నాలుగు నక్షత్రాలు వేసింది. నేను ఇంట్లో పడుకున్నాను. నక్షత్రాలు చూసి వెళ్లిన ఇద్దరు స్నేహితులు మధ్యాహ్నం ఫోన్ చేసి నన్నెందుకు తిట్టారో ఇప్పటికీ తెలియదు.

దిక్కు విషయంలో మా చోటు మహా మొండిది. 200 నుంచి 225 మధ్య వస్తే స్వర్గం. 180 దగ్గరికి జరిగితే గీత మొత్తం ఒకేసారి కూలుతుంది, పరిగెత్తడానికి అల పక్కన ఇంకా విరగని భాగమే మిగలదు. 240 దాటితే స్వెల్ మొన వెనకనుంచి అటే పోతుంది. మూడు నెలల క్రితం యాప్‌లో కొత్త సెట్టింగ్ వచ్చింది, మన స్పాట్‌కి నచ్చిన దిక్కులు మనమే పెట్టుకోవచ్చు. పెట్టాక నక్షత్రాలు కాస్త దారిలో పడ్డాయి. మెచ్చుకోవాల్సిన పని.

ఎత్తు గురించి ఒక మాట. అక్కడ చూపించేది సిగ్నిఫికెంట్ వేవ్ హైట్, అంటే అలలన్నింట్లో పెద్దవైన మూడో వంతు అలల సగటు. పైగా అది లోతు నీళ్లలో లెక్క. రెండు మూడు గంటలు నీళ్లలో ఉంటే దానికి దాదాపు రెట్టింపు అల ఒకటి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. రీఫ్ మీద కూర్చున్నవాడు భయపడాల్సింది దానికే. యాప్‌లో ఈ సంగతి ‘సహాయం’ పేజీలో నాలుగో తెర మీద ఉంది. నాలుగో తెర దాకా ఎవరు పోతారు?

ఇక ఆటుపోట్లు. ఇక్కడ నా కోపం నిజంగా పెరుగుతుంది, ఎందుకంటే మొత్తం ఫోర్‌కాస్ట్‌లో అన్నింటికంటే ముందుగా, కచ్చితంగా లెక్క కట్టగలిగేది ఇదొక్కటే. సూర్యచంద్రులు మాట తప్పరు, రెండు పోట్ల మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. యాప్ మాత్రం దూరంగా ఉన్న ఒక రేవు పట్టికని తెచ్చి మా స్పాట్‌కి అతికించింది. నాకు అనుమానం వచ్చి నాలుగు రోజులు నాచు పట్టిన ఒక రాయి మీద సుద్దతో గీతలు గీసి, వాచీ పెట్టుకుని చూశాను. మా దగ్గర ఆటు 35 నిమిషాలు ఆలస్యం. ఇసుక బీచ్‌లో అయితే ఎవరూ పట్టించుకోరు. రీఫ్ మీద ఆ 35 నిమిషాలు అంటే నీళ్లున్నాయా, రాళ్లు పైకి తేలాయా అన్న ప్రశ్న.

ఇంకో గందరగోళం. యాప్‌లో ‘ఆటు 0.3 మీటరు’ అని ఉంటే రీఫ్ మీద 0.3 మీటరు నీళ్లున్నాయని కాదు. ఆ ఎత్తుని కొలిచేది చార్ట్ డేటం నుంచి, అంటే నావికుల పటాల్లో పెట్టుకున్న ఒక కనిష్ఠ నీటి మట్టం నుంచి. మన రీఫ్ దానికి పైన ఉందో కింద ఉందో ఎవరికి వాళ్లే తెలుసుకోవాలి. నా నోట్‌బుక్ ప్రకారం యాప్ అంకె 0.9 దాటితేనే మా టేకాఫ్ దగ్గర పడినా బతికి బయటపడొచ్చు. పున్నమికి, అమావాస్యకి తర్వాతి ఒకటి రెండు రోజులు ఆటు మరీ కిందికి పోతుంది, అప్పుడు పొద్దున దిగడానికి వీలయ్యే సమయం ఒక గంట కూడా ఉండదు. వాతావరణ పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే సముద్రం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. యాప్‌లో పీడనమూ ఉంది, ఆటుపోట్లూ ఉన్నాయి, ఒకదాన్ని ఇంకోదానికి కలిపే ప్రయత్నమే లేదు.

ఈ 35 నిమిషాల సంగతి సుద్ద గీతల ఫోటోలతో సహా కస్టమర్ కేర్‌కి రాశాను. తొమ్మిది రోజులకి జవాబు వచ్చింది. ‘మీ అభిప్రాయం మాకు విలువైనది.’ అంతే. ఫోటోలు తెరిచినట్టు కూడా అనిపించలేదు. పట్టిక ఈ రోజుకీ అలాగే ఉంది. నేను 35 కలుపుకుని చూస్తున్నాను.

గాలి ఫర్వాలేదు. మాకు వాయవ్యం గాలి ఆఫ్‌షోర్, అంటే నేల నుంచి సముద్రం వైపు వీచేది, అల ముఖాన్ని నిలబెట్టి పట్టుకుంటుంది. యాప్‌లో బాణం గాలి పోయే వైపుకి చూపిస్తుంది, పక్కన అక్షరాలు మాత్రం వచ్చే వైపుని చెబుతాయి. మొదటి నెల రెండూ తలకిందులుగా చదివి మూడుసార్లు ఊరికే తిరిగొచ్చాను. నైరుతి రుతుపవనం నైరుతి నుంచి వచ్చేదే కదా, గాలి పేరు ఎప్పుడూ పుట్టింటి పేరే అని గుర్తు పెట్టుకుంటే చాలు. పొద్దెక్కాక నేల వేడెక్కి లేచే సముద్రపు గాలిని మాత్రం ఇది సరిగ్గా పట్టుకోలేదు. ప్రపంచమంతా లెక్క కట్టే కంప్యూటర్ మోడల్‌కి ఒక్కో గడి కిలోమీటర్ల కొద్దీ ఉంటుంది, అందులో మా మొన ఒక చుక్క కూడా కాదు. పదకొండుకి గాలి తిరుగుతుందని యాప్ అంటే నేను తొమ్మిదిన్నరకే బయటికి వచ్చేస్తాను.

పదహారు రోజుల ఫోర్‌కాస్ట్ అని గొప్పగా చెప్పుకుంటారు. వారం దాటినవి నేను జ్యోతిషంలాగే చదువుతాను, సరదాకి. అమెరికా వాతావరణ సంస్థ జీఎఫ్‌ఎస్ మోడల్ రోజుకి నాలుగుసార్లు నడుస్తుంది. 2021 మార్చి నుంచి అలల మోడల్ వేవ్‌వాచ్ 3 కూడా అందులోనే కలిసిపోయింది. యాప్ తన సరుకు అక్కడినుంచే తెస్తుందని వాళ్ల పేజీలోనే ఉంది. ఒక తుఫాను స్వెల్ ఇంకా ఐదారు రోజుల దూరంలో ఉన్నప్పుడు వరసగా నాలుగు రన్‌లు ఒకే మాట చెబితే నమ్ముతాను. పొద్దున 2.5, రాత్రికి 1.1, మళ్లీ 2.0 అని ఊగుతుంటే సెలవు అడగను.

సముద్రంలో తేలుతూ అలల్ని కొలిచే బాయ్‌ల రీడింగులు యాప్‌లోనే చూపించడం నిజంగా గొప్ప సౌకర్యం. మాకు దగ్గరి బాయ్ స్వెల్ వచ్చే దారిలో సుమారు 120 కిలోమీటర్ల దూరాన ఉంది. 14 సెకన్ల స్వెల్‌కి గంటకి 39 కిలోమీటర్లు కాబట్టి అక్కడ అంకె లేచిన మూడు గంటలకి మా దగ్గర గీతలు కనిపించాలి. కనిపిస్తాయి కూడా. పదినిమిషాల తేడాతో వచ్చిన రోజు నాకు పరీక్ష పాసైనంత సంబరం. డబ్బు కట్టేది దీనికోసమే అనుకోండి. కెమెరా కూడా ఉంది, అయితే పైనుంచి పెట్టడం వల్ల అల చప్పగా కనిపిస్తుంది. లైనప్‌లో (అలల కోసం సర్ఫర్లు కాచుకునే చోట) ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోవడానికి బాగుంటుంది.

బ్యాటరీ తినేస్తుంది. వెలుతురు ఎక్కువైతే తెర మీద ఆ లేత బూడిద రంగు అంకెలు కనిపించవు, సముద్రం ఒడ్డున వాడే యాప్‌కి ఆ రంగు ఎవరు ఎంచారో.

మీరు దిగేది ఇసుక బీచ్ అయితే కళ్లు మూసుకుని తీసుకోండి, నక్షత్రాలు చాలు. రీఫ్, పాయింట్ అయితే ఆ చిన్న బాణం నొక్కే ఓపిక, పక్కన ఒక నోట్‌బుక్ ఉంటేనే తీసుకోండి. నా మార్కులు ఐదుకి మూడున్నర. ఆటుపోట్ల పట్టిక సరిచేసిన రోజు నాలుగున్నర చేస్తాను.

ఇప్పుడే తెరిచి చూశాను. గురువారం సాయంత్రానికి 0.4 మీటరు, 18 సెకన్లు, 215 డిగ్రీలు. ఒక్క నక్షత్రం. శుక్రవారానికి సెలవు పెట్టేశాను.