టొరంటో సి.ఎన్. టవర్: లిఫ్ట్ ఎక్కే ముందు కింద కాసేపు ఆగండి

టికెట్ కొన్నవాళ్ళు చాలామంది నేరుగా లిఫ్ట్ వైపు నడుస్తారు. అలా చెయ్యొద్దు. ముందు బయట నిలబడి ఆ కాంక్రీటు స్తంభాన్ని కింది నుంచి పైదాకా చూడండి. మొత్తం ఎత్తు 553 మీటర్లు. నగరంలో లేస్తున్న ఎత్తైన భవనాలు టీవీ, రేడియో సిగ్నళ్ళకు అడ్డం పడుతుంటే, వాటన్నిటికన్నా పైన యాంటెన్నా ఉండాలని కెనడియన్ నేషనల్ రైల్వే కంపెనీ తలపెట్టిన పని ఇది. 1973 ఫిబ్రవరిలో మొదలైంది, 1976 జూన్‌లో జనాన్ని పైకి రానిచ్చారు.

కట్టిన పద్ధతే నాకు అన్నిటికన్నా నచ్చింది. స్లిప్‌ఫామ్ అంటారు. సెంట్రింగ్ విప్పి మళ్ళీ బిగించే పని లేదు. పోసిన కాంక్రీటు గట్టిపడుతూ ఉంటే హైడ్రాలిక్ జాకీలు అచ్చును మెల్లగా పైకి జరుపుతూ పోతాయి. అలా రోజుకు దాదాపు 6 మీటర్లు లేచింది. నిటారుగా వస్తోందో లేదో చూడటానికి మన మేస్త్రీలు వాడే తూకం గుండునే నమ్ముకున్నారు. కాకపోతే చాలా పెద్దవి వేలాడదీసి, నేల మీద నుంచి టెలిస్కోపుల్లో సరిచూశారు. అంత ఎత్తులో వచ్చిన తేడా 3 సెంటీమీటర్లలోపే!

యాంటెన్నా కథ ఇంకా బాగుంటుంది. 1975లో స్కైక్రేన్ హెలికాప్టర్ ఒక్కో ఉక్కు ముక్కనూ మోసుకెళ్ళి పైన పెడుతుంటే, కార్మికులు ఆ గాలిలోనే బోల్టులు బిగించారు. ఆరు నెలలు పడుతుందనుకున్న పని మూడున్నర వారాల్లో అయిపోయింది.

ఇక పైకి. లిఫ్ట్ 58 సెకన్లలో 346 మీటర్ల దగ్గర దింపుతుంది. పిల్లలకు గాజు నేల చాలు, అక్కడి నుంచి కదలరు. 447 మీటర్ల దగ్గరున్న స్కైపాడ్‌కు (ఇప్పుడు ‘ది టాప్’ అంటున్నారు) అదనంగా డబ్బు కట్టాలి. చిన్న గది, జనం ఎక్కువ. ఆకాశం తేటగా ఉంటేనే ఆ ఖర్చుకు అర్థం ఉంది. మబ్బు పట్టిన రోజున తెల్లటి పొగ తప్ప ఏమీ కనపడదు, అందుకే వాతావరణం చూసుకుని టికెట్ తీసుకోండి.

బస విషయానికొస్తే, టవర్ దగ్గరున్న పెద్ద రైల్వే స్టేషన్, యూనియన్ స్టేషన్ చుట్టుపక్కల హోటళ్ళు ఖరీదు. టొరంటో పక్కనే ఉన్న బ్రాంప్టన్‌లోనో మిసిసాగాలోనో మనవాళ్ళుంటే అక్కడ దిగి గో ట్రైన్‌లో (అక్కడి లోకల్ రైలు) రండి. కారులో వస్తే పార్కింగ్ టెన్షన్. స్టేషన్ నుంచి టవర్ దాకా పైకప్పున్న స్కైవాక్ ఉంది కాబట్టి చలికాలంలో పెద్దవాళ్ళకూ ఇబ్బంది ఉండదు. టవర్ మొత్తం ఒక్క ఫొటోలో పట్టాలంటే మాత్రం ఫెర్రీలో ఎదురుగా సరస్సులో ఉన్న టొరంటో ఐలాండ్‌కు వెళ్ళాల్సిందే. వేసవి శని, ఆదివారాల్లో అక్కడ పెద్ద క్యూ ఉంటుంది, వీలైతే మామూలు రోజు పెట్టుకోండి.