పాచికల కుస్తీకి కథ ఎక్కడి నుంచి తేవాలి? ఏది మేలు?

కార్డులు, పాచికలతో బల్ల మీద రెజ్లింగ్ ఆట ఆడుతుంటాను. దానికోసం ఆరు వారాలు కూర్చుని ఒక కథ అల్లాను. నా లీగ్‌లో ఏడాదిగా బెల్ట్ వదలకుండా అందరినీ ఏడిపిస్తున్న ఛాంపియన్ ఒకడున్నాడు. వాడి దెబ్బకు మోకాలు పోగొట్టుకున్న కుర్రాడు కోలుకుని తిరిగొస్తాడు, చిన్న చిన్న మ్యాచ్‌లు గెలుస్తూ పైకి వస్తాడు, చివరికి పెద్ద షోలో బెల్ట్ లాక్కుంటాడు. ఇదీ నేను అనుకున్నది. ఆ ఆదివారం రాత్రి పాచికలు చేతిలోకి తీసుకున్నప్పుడు నిజంగానే టెన్షన్ పడ్డాను. పది నిమిషాలు కూడా కాలేదు, కుర్రాడు పిన్ అయిపోయాడు, అంటే భుజాలు నేలకు ఆని ఓడిపోయాడు. సరైన దెబ్బ ఒక్కటి కూడా కొట్టలేకపోయాడు.

పాచికలు మళ్లీ వేయొచ్చు, అడిగేవాళ్లెవరూ లేరు. కానీ నేను వేయలేదు. నచ్చిన అంకె పడేదాకా వేస్తూ పోతే ఇక పాచికలతో పనేముంది, కూర్చుని కథ రాసుకుంటే సరిపోతుంది. అయితే ఆ రాత్రి నా దగ్గర ఆరు వారాల కథ ఉండి దాని చివరి పేజీ లేకుండా పోయింది. అప్పటినుంచి కథ ఎక్కడి నుంచి తెచ్చుకున్నా ముందు ఒకే ప్రశ్న అడుగుతున్నాను: నేను అనుకున్నవాడు ఓడిపోతే ఈ కథ నిలబడుతుందా? కింద రాసిన పోలికంతా ఆ ప్రశ్న మీదే నడుస్తుంది.

ఆట సంగతి తెలియనివారికి రెండు మాటలు. 90ల్లో మనం ఆడిన డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులు గుర్తున్నాయి కదా, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్ అంకెలతో. ఇక్కడ కూడా ఒక్కో రెజ్లర్‌కు ఒక్కో కార్డు. కాకపోతే కార్డు మీద అతను కొట్టే దెబ్బలు ఉంటాయి. పాచికల మీద ఏ అంకె పడితే ఏ దెబ్బ, ఎంత తట్టుకుంటాడు, ఎంత సులువుగా పిన్ అవుతాడు అన్నీ అందులోనే తెలుస్తాయి. 1986లో అమెరికాలో టామ్ ఫిల్సింగర్ తెచ్చిన ‘ఛాంపియన్స్ ఆఫ్ ది గెలాక్సీ’ ఈ రకంలో బాగా పేరున్నది. అందులోవాళ్లంతా భవిష్యత్తులో, గ్రహాల మధ్య కుస్తీ పట్టే కల్పిత పాత్రలు. అదే సంస్థ తర్వాత నిజం రెజ్లర్ల కార్డులతో ‘లెజెండ్స్ ఆఫ్ రెజ్లింగ్’ కూడా తెచ్చింది. నేథన్ పావొలెట్టా రూపొందించిన ‘వరల్డ్ వైడ్ రెజ్లింగ్’ది వేరే దారి. అక్కడ ఎవరు గెలవాలో ఆట నడిపే మనిషే ముందుగా అనుకుంటాడు, మ్యాచ్ ఎంత రక్తి కట్టిందన్నది పాచికలు చెబుతాయి. అది ఆడేవారికి నా బాధ తక్కువే. నేను మాట్లాడుతున్నది గెలుపోటములు పాచికలే తేల్చే ఆటల గురించి.

కొత్తవాళ్లు చాలామంది ముందు టీవీలో ఈ వారం వచ్చిన కథను ఎత్తుకుంటారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. అది సులువే, మనసులో వేడి కూడా ఉంటుంది. కానీ ఆ కథ ఎటు పోతుందో మనకు తెలియదు. అక్కడ ఒకరికి గాయమైతే మధ్యలో తెగిపోతుంది, మన బల్ల మీద కథ కూడా దాంతోపాటే ఆగుతుంది. పైగా టీవీలో గెలిచినవాడు మన దగ్గర ఓడితే రెండూ కలవక చిరాకు పుడుతుంది. నెల రోజులకు మించి నాకు పనికిరాలేదు.

పాత రెజ్లింగ్ చరిత్ర అలా కాదు. మొదలూ చివరా మన కళ్లముందే ఉంటాయి. ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే చరిత్రలో రెండు రకాల కథలున్నాయి, ఒక రకం పాచికల ఆటను ముంచేస్తుంది.

మెగా పవర్స్ కథ తీసుకోండి. హల్క్ హోగన్, ర్యాండీ సావేజ్ ఆ పేరుతో జోడీగా తిరిగారు. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఏటా జరిపే పెద్ద షో రెసిల్‌మేనియాలో, 1988లో, సావేజ్ టోర్నమెంట్ గెలిచి ఛాంపియన్ అయ్యాడు. ఆ తర్వాత సావేజ్ మేనేజర్ మిస్ ఎలిజబెత్ విషయంలో అనుమానం కొంచెం కొంచెంగా పెరిగి, 1989 ఫిబ్రవరిలో ఇద్దరూ విడిపోయి, ఏప్రిల్‌లో జరిగిన తర్వాతి రెసిల్‌మేనియాలో తలపడ్డారు. అంత ఓపికగా నడిపిన కథలు తక్కువ. చూసి నేర్చుకోవడానికి దీన్ని మించినది నాకు తెలియదు. కానీ బల్ల మీద దీన్ని దించబోతే కష్టమే. ఆ జంట ఏడాదిపాటు గెలుస్తూ ఉండాలి, ఒకడి దగ్గర బెల్ట్ నిలవాలి. పాచికలు ఆ హామీ ఇవ్వవు. నేను రెండుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లూ జంట విడిపోయే సమయానికి ఇద్దరిలో ఒకడి పరువు కూడా మిగల్లేదు.

ఇప్పుడు బ్రెట్ హార్ట్, ఓవెన్ హార్ట్ అన్నదమ్ముల గొడవ చూడండి. 1994 జనవరిలో ఇద్దరూ జోడీగా దిగిన ట్యాగ్ మ్యాచ్‌లో బ్రెట్ మోకాలు దెబ్బతిని రిఫరీ ఆట ఆపేశాడు. తనకు చేయి అందించి బరిలోకి దింపకుండా అన్నే అంతా చెడగొట్టాడని తమ్ముడు రగిలిపోయి, ఆ కాలి మీదే తన్నాడు. మార్చి 20న మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో తమ్ముడు అన్నను సూటిగా ఓడించాడు. అదే రాత్రి అన్న అప్పటి ఛాంపియన్ యోకొజూనాను ఓడించి ఛాంపియన్ అయ్యాడు. ఆ అన్నదమ్ముల మ్యాచ్ ఫలితాన్ని తిప్పి చూడండి. తమ్ముడు గెలిస్తే ‘నేనే మేలైనవాణ్ని’ అంటాడు. ఓడితే కడుపుమంట ఇంకా పెరుగుతుంది. ఎటు పడ్డా మర్నాటికి కథ ఉంది. పాచికలకు కావలసింది ఇలాంటి ముడి.

ఓటమిలోంచే పుట్టిన కథలు ఇంకా మేలు. మెక్సికోలో 1952 నవంబర్ 7న ఎల్ సాంతో, బ్లాక్ షాడో మాస్కులు పందెం కాసి తలపడ్డారు. బ్లాక్ షాడో ఓడి ముఖం చూపించాల్సి వచ్చింది. అతని జోడీ బ్లూ డీమన్ ఆ అవమానాన్ని తన మీద వేసుకుని, మరుసటి ఏడాది సాంతోను ఓడించి వెల్టర్‌వెయిట్ బెల్ట్ తీసుకున్నాడు. దీని మూలం ఒక్కటే, స్నేహితుడి ఓటమి. మీ లీగ్‌లో ఎవరు ఓడినా వాడికి ఒక జోడీ ఉంటే చాలు.

నా కుర్రాడు పడిపోయిన రాత్రి నాకు గుర్తొచ్చింది మాత్రం 1971 జనవరి 18. బ్రూనో సమ్మార్టినో ఏడున్నరేళ్లకు పైగా మోసిన బెల్ట్‌ను ఇవాన్ కొలాఫ్ చేతిలో పోగొట్టుకున్నాడు. హాలంతా ఎంత నిశ్శబ్దమైందంటే తన చెవులు పోయాయేమో అనుకున్నానని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. పెద్ద ఓటమి పడినప్పుడు వెంటనే ప్రతీకారం, కొత్త శత్రువు అంటూ పరుగెత్తాల్సిన పని లేదని ఆ సంఘటన నాకు నేర్పింది. ఆ వారం నా పుస్తకంలో మ్యాచ్ కింద రాసింది ఒక్క వాక్యమే: ‘ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదు.’ తర్వాతి షో దాకా ఇంకేమీ రాయలేదు. ఆ ఖాళీయే కథను నిలబెట్టింది.

మూడో దారి మన ఇంట్లోనే ఉంది. భారత భాగవతాల్లో మల్లయుద్ధాలకు కొదవలేదు. ఇదేదో మనవి కాబట్టి గొప్పవని అనడం లేదు, అవి నిజంగా కుస్తీ కథలు. కంసుడు చాణూర ముష్టికులను బరిలో నిలిపి బలరామకృష్ణులను రప్పించడం చూడండి. యజమానే పగవాడు, మ్యాచ్ పెట్టిందే చంపించడానికి. అమెరికా టీవీలో యజమాని విలన్ కావడం ఎంత పెద్ద విషయమో చూసినవాళ్లకు ఇందులో బలం వెంటనే తెలుస్తుంది. దుర్యోధనుడు, భీముడు గదలతో తలపడినప్పుడు ఇద్దరికీ విద్య నేర్పిన బలరాముడు అక్కడే ఉంటాడు. తొడ మీద దెబ్బ తప్పని మండిపడతాడు. గెలిచినవాడిది ధర్మం, కానీ దెబ్బ అధర్మం. మంచివాడు, చెడ్డవాడు అని గీత గీసి రాసే ఏ కథలోనూ ఇంత చిక్కు దొరకదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది విరాటపర్వంలో ఉంది. తిక్కన తన భారతాన్ని మొదలుపెట్టిన పర్వం అది. అజ్ఞాతవాసంలో నాలుగో నెల. ఉత్సవానికి జీమూతుడనే మల్లుడు వచ్చి బరిలో నిలబడి పిలుస్తున్నాడు, ఎవరూ లేవడం లేదు. రాజు వంటవాడిని పిలుస్తాడు. వలలుడి పేరుతో ఉన్న భీముడు వెనకాడతాడు. భయం ఓటమి గురించి కాదు, తన బలం చూస్తే ఎవరైనా గుర్తుపడతారేమోనని. రాజు మాట కాదనలేక దిగుతాడు.

దీన్ని ఉన్నదున్నట్టు తీసుకుని మాస్కు వేసుకున్న ఒక కొత్తవాడిని బరిలోకి దించాను. పేర్లు మార్చాను. దేవుళ్ల పేర్లు, పాండవుల పేర్లు కార్డుల మీద రాసి పాచికలతో ఓడించడం నాకు ఇష్టం లేదు, కథలోని ఎముక తీసుకుంటే చాలు. మొదటి మ్యాచ్‌లోనే మావాడు ఓడిపోయాడు. మన పురాణాలతో చిక్కు ఇదే. చివర అందరికీ తెలుసు, దాన్ని కదిపితే చేయి వణుకుతుంది. జీమూతుడు గెలిచిన విరాటపర్వం ఎవరికి కావాలి? రెండు రోజులు ఏమీ తోచలేదు. తర్వాత మళ్లీ ఆ ఘట్టం చదివితే జవాబు అక్కడే కనిపించింది, చివర్లో కాదు, మొదట్లో. వెనకాడాడు కదా. మావాడు కూడా గుర్తుపడతారనే భయంతో తన అసలు పట్టు వేయలేదు, అందుకే ఓడాడు. ఆ ఒక్క కారణంతో ఓటమి కాస్తా రహస్యమైంది. నా కథల్లో నాకు బాగా నచ్చింది ఇప్పటికీ ఇదే. పురాణం నుంచి ముగింపు తెచ్చుకుంటే చిక్కు, మనిషి మనసు తెచ్చుకుంటే ఎంత లాగినా తెగదు.

ఇక నాలుగోది, చాలామంది పట్టించుకోనిది: మీ సొంత ఫలితాల పుస్తకం. నా ఓటు దీనికే. లెక్క చూడండి. రెండు పాచికల మీద పన్నెండు పడేది 36లో ఒక్కసారే. అలాంటి అంకెతో ఒకడు ఒకే ప్రత్యర్థిని రెండుసార్లు పడగొడితే లెక్క ప్రకారం అది అదృష్టం. కథ ప్రకారం మాత్రం వాడికి అవతలివాడి గురించి ఏదో తెలుసు. ఏమిటి తెలుసు? ఆ ప్రశ్న నేను పుట్టించలేదు, ఆట పుట్టించింది. ఇలాంటి కథ ఓటమితో చెడిపోదు, ఎందుకంటే అది ఫలితం తర్వాత పుట్టింది.

పాత రోజుల్లో అమెరికాలోని మెంఫిస్‌లో ఇదే జరిగేది. అక్కడి పేరున్న రెజ్లర్ జెర్రీ లాలర్ కాలంలో మిడ్-సౌత్ కొలీజియంలో సోమవారం సోమవారం షో ఉండేది, అదే ఊరు, చాలావరకు అదే జనం. వాళ్లు వచ్చే వారం మళ్లీ టికెట్ కొనాలంటే ఈ వారం మ్యాచ్ ముగిసిన తీరులోనే కారణం ఉండాలి. అందుకే చరిత్ర చదవాలనుకుంటే పెద్ద షోలకన్నా ముందు ఇలా వారం వారం నడిచిన ఊళ్ల సంగతులు చదవమంటాను. బల్ల మీద మన పని వాళ్ల పనికే దగ్గర.

పుస్తకం పెట్టడం పెద్ద పని కాదు. తేదీ, ఎవరు ఎవరిని ఓడించారు, ఏ దెబ్బతో ముగిసింది. పక్కన ఒక్క వాక్యం, ‘ఎందుకు’ అని. ఆ చివరిది వెంటనే రాయాలి, మర్నాడు రాస్తే చప్పబడిపోతుంది. కుర్రాడి ఓటమి తర్వాత నిశ్శబ్దం సరే, ముందుకు ఎలా వెళ్లాలో తెలియక ఈ పుస్తకమే తిరగేశాను. తిరిగొచ్చాక అతను ఆరు మ్యాచ్‌లు గెలిచాడు. ఆరూ చకచకా ముగిసినవే. ఒక్కదానిలోనూ ఎక్కువసేపు నిలబడి దెబ్బలు తినలేదు. నేను పైకి వస్తున్నాడని మురిసిపోయాను, పుస్తకం మాత్రం మోకాలికి పరీక్షే జరగలేదని చెబుతోంది. అంటే తొందరపడి దించారు. దించిందెవరు? అతని ట్యాగ్ జోడీ, అన్నలాంటివాడు, ‘నువ్వు సిద్ధంగా ఉన్నావు’ అన్నవాడు. ఆ మాట పాత పేజీలో నేనే రాసి మరచిపోయాను.

పుస్తకానికీ ఒక లోటుంది. అది ఏం జరిగిందో చెబుతుంది, ఎంత నొప్పి పుట్టిందో చెప్పదు. ఒక్క దాన్నే నమ్ముకుంటే ఆరు నెలలకు అది క్రికెట్ స్కోరుకార్డులా తయారవుతుంది. అందుకే నా వరస ఇలా కుదిరింది: సంఘటన పుస్తకంలోంచి, మనసు భారతంలోంచి, ఎంతసేపు నడపాలి, ఎక్కడ ఆగాలి అన్నది చరిత్రలోంచి. ఈ నెలే కార్డులు కొని ఇంకా పుస్తకంలో పది మ్యాచ్‌లు కూడా లేనివారైతే హార్ట్ అన్నదమ్ముల లాంటి ముడితో మొదలుపెట్టండి. మీ పేజీలు నిండేదాకా అది చాలు.

ఈ ఆదివారం ఆ జోడీ ఛాంపియన్‌తో తలపడుతున్నాడు. బ్లూ డీమన్‌లా స్నేహితుడి అవమానం మోసుకుని, బలరాముడిలా తన శిష్యుడు పడిపోవడం చూసి. పుస్తకంలో రెండు పేర్ల కిందా చెరో వాక్యం రాసి పెట్టాను. అతను గెలిస్తే: ‘బెల్ట్ తీసుకెళ్లి కుర్రాడి మంచం మీద పెట్టాడు, కుర్రాడు ముఖం తిప్పుకున్నాడు.’ ఓడితే: ‘ఆసుపత్రికి వెళ్లాడు, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాడు.’