కట్టెలు చీల్చే హైడ్రాలిక్ మిషన్: ఐదేళ్లు వాడాక

గొడ్డలి పక్కన పెట్టించింది నా కుడి భుజం. ఐదేళ్ల కిందట 7 టన్నుల కరెంటు మిషన్ కొన్నాను, మొద్దును పడుకోబెట్టి తోసే రకం. అప్పుడు చూసుకున్నదల్లా టన్నులే. ఇప్పుడు కొంటే ఆ అంకెను ఆఖర్న చూస్తాను.

టన్నులంటే నూనె ఒత్తిడితో కదిలే సిలిండర్ మొద్దును ఎంత బలంగా తోస్తుందన్న లెక్క. సిలిండర్ లోపలి వ్యాసం 4 అంగుళాలు, నూనె ప్రెషరు 3000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు) అయితే దాదాపు 17 టన్నులు. 5 అంగుళాలైతే 26 దాటుతుంది. అట్టపెట్టె మీద ఇంతకు మించి రాసుంటే కాస్త అనుమానించండి. నార తిన్నగా ఉన్న మొద్దుకు అసలు అంత బలం అక్కర్లేదు. జానెడు మందానివి నా మిషన్‌కే టప్పుమని రెండవుతాయి.

తంటా అంతా ముడులతో, పంగ కట్టెతో. వెడ్జ్, అంటే మొద్దును చీల్చే ఇనుప మేకు, రెండంగుళాలు దిగి ఆగిపోతుంది, మోటారు గొంతు మార్చి మూలుగుతుంది. మొదట్లో పంతం పట్టి లివరు అలాగే నొక్కి ఉంచేవాణ్ణి. ఐదు సెకన్లు దాటొద్దని దాంతో వచ్చిన పుస్తకంలోనే ఉంది, చదివితే కదా! ఇప్పుడు వదిలేసి, మొద్దును రెండో కొస నుంచి పెడతాను. అప్పటికీ లొంగకపోతే నడిమికి పోకుండా అంచుల నుంచి పలకలుగా తీసుకొస్తాను. మొద్దు కొసలు అడ్డంగా, సమంగా కోసి లేకపోతే మాత్రం తోసేకొద్దీ పక్కకు జారుతుంది.

నేను పెద్ద తప్పు చేసింది గాలి స్క్రూ దగ్గర, అంటే నూనె ట్యాంకులోని గాలికి దారి వదిలే స్క్రూ. పని మొదలుపెట్టే ముందు దాన్ని రెండు మూడు చుట్లు వదులు చేయాలి, మిషన్‌ను మోసుకెళ్లేటప్పుడు బిగించాలి. కొన్న నెలలోనే మరిచిపోయి గంటసేపు నడిపాను. లోపల గాలి నొక్కుకుపోయి, నూనె కారకుండా ఆపే సీలు తన్నేసింది, కింద నేలంతా నూనె. అమ్మినవాళ్లేమో ఇది వారంటీలోకి రాదన్నారు. అప్పటినుంచి స్విచ్‌కు ఎర్ర పేలిక కట్టి ఉంచుతున్నాను. అది విప్పందే స్విచ్ నొక్కలేను, విప్పుతుంటే స్క్రూ గుర్తొస్తుంది.

ఇంకొకటి, సన్నని పొడుగాటి వైరు వాడకండి. వోల్టేజీ పడిపోయి మోటారు వేడెక్కుతుంది. చలిలో నూనె చిక్కబడుతుంది కాబట్టి మొద్దు పెట్టకుండా నాలుగైదు సార్లు ముందుకూ వెనక్కూ ఆడించాకే పని మొదలుపెడతాను.

ఒక చేత్తో స్విచ్, ఇంకో చేత్తో లివరు నొక్కి ఉంచితేనే మిషన్ నడవడం మొదట చిరాకనిపించింది. ఒకసారి లివరును తాడుతో కట్టేద్దామనుకున్నాను కూడా. ఇనుములా గట్టిపడిన ఓ కట్టె ముక్క ఎగిరొచ్చి, లివరు కట్టేసి ఉంటే నా రెండో చెయ్యి ఉండే చోట పడ్డాక ఆ ఆలోచన మానేశాను.

మిత్రుడి 25 టన్నుల పెట్రోలు మిషన్ కూడా రెండు సీజన్లు వాడాను. దాని పంపు రెండు దశల్లో పనిచేస్తుంది: కట్టె తగిలేదాకా వేగంగా, తగిలాక నెమ్మదిగా బలంతో. నిలువుగా నిలబెడితే పెద్ద దుంగను ఎత్తక్కర్లేదు, దొర్లించి కింద పెడితే చాలు. మోత మాత్రం భరించలేం. పొగ వల్ల షెడ్డులో పెట్టలేం. దాని నూనె పైపు దగ్గర చెమ్మ కనిపిస్తే చేత్తో తడమకండి. సూదిమొనంత రంధ్రంలోంచి చిమ్మే నూనె చర్మంలోకి దూరిపోతుంది. అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి.

నాది నేలబారుగా ఉండటంతో నాలుగేళ్లు వంగి వంగి చేశాను. భుజం తప్పించుకుంది, నడుం దొరికింది. పోయిన ఏడు దానికి మొలెత్తు ఇనుప స్టాండు చేయించాను. కొన్ననాడే చేయించాల్సింది.