కనిగిరి లాడ్జిలో చన్నీళ్లు, పొదిలి మేడ మీద కరెంటు

'సోలార్ వసతి' అని బిల్లులో 200 రూపాయలు వేసి, మోకాళ్ల నొప్పులతో బాధపడే మా అత్తయ్య చేత తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేయించిన లాడ్జి గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను. ఎండను నిజాయితీగా వాడుకుంటున్న వాళ్లను అదే ప్రయాణంలో చూశాను కాబట్టి నా కోపం రెట్టింపయింది.

నెల్లూరులో మా మేడ మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించాలని మావారు చాలాకాలంగా అంటున్నారు. రెండు లక్షల మాట కదా, ముందు వాడుతున్న ఇల్లు ఒకటి కళ్లారా చూడాలని నేను పట్టుబట్టాను. పొదిలిలో మా ఆడపడుచు అత్తవారి వైపు బంధువులు నిరుడు పెట్టించుకున్నారు. దారిలో భైరవకోన దర్శనం కూడా అవుతుందని అత్తయ్య బయలుదేరారు. ఆడపడుచు భర్త సబ్‌స్టేషన్ ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యారు. నేను అన్నయ్యా అని పిలుస్తాను. ఆయన కూడా రాకపోతే ఈ ప్రయాణంలో సగం విషయాలు నాకు అర్థమయ్యేవి కావు.

ఉదయగిరి, సీతారాంపురం మీదుగా భైరవకోన చేరేవరకు ఏ ఇబ్బందీ లేదు. ఒకే కొండను తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. ఎండ ముదరకముందే వెళ్లండి.

మధ్యాహ్న భోజనం సి.ఎస్.పురంలో, రేకుల షెడ్డు కింద ఒకావిడ నడిపే చిన్న మెస్సులో. పెనం మీది నుంచి నేరుగా విస్తట్లోకి వచ్చే సజ్జ రొట్టె, గోంగూర పచ్చడి, పప్పు, ఉలవచారు, అన్నం, గట్టి మజ్జిగ. మనిషికి 90 రూపాయలు. అత్తయ్య రెండో రొట్టె అడిగితే మూడోది కూడా వేసింది, డబ్బు తీసుకోలేదు. మేము తింటుండగానే ఊరంతా కరెంటు పోయింది. మెస్సులో ఫ్యాను మాత్రం ఆగలేదు. షెడ్డు మీద ఒక చిన్న ప్యానెల్, మూలన బల్ల కింద ఒక బ్యాటరీ. అన్నీ కలిపి 14,000 అయిందట.

"రెండు దీపాలు, ఒక ఫ్యాను, అంతే అమ్మా. మిక్సీ వేస్తే తట్టుకోదు" అని మేము అడగకముందే చెప్పింది. అన్నయ్య చెయ్యి కడుక్కుని వెళ్లి బ్యాటరీ చూశారు. తుప్పు పట్టకుండా కొసలకు గ్రీజు రాసి ఉంది. ఆయన ముఖంలో సంతోషం చూడాలి!

పక్క బల్ల దగ్గర భోంచేస్తున్న రైతుతో ఆయనకు మాటలు కలిశాయి. ఒకప్పుడు వ్యవసాయ కరెంటు రాత్రిపూట వచ్చేది. మోటారు వేయడానికి చీకట్లో పొలానికి వెళ్లి పాము కాటుకు, కరెంటు షాకుకు గురైనవాళ్లు ఈ ప్రాంతంలో ఊరికొకరు ఉన్నారు. ఇప్పుడు 9 గంటల ఉచిత కరెంటు పగలే ఇస్తున్నారు. "రాత్రి ఇంట్లో పడుకుంటున్నాం, అదే చాలు" అన్నాడు ఆ రైతు. పగటి కరెంటు ఇంత చవకగా దొరకడానికి కారణం సోలారేనని అన్నయ్య కారులో వివరించారు. సోలార్ ప్రాజెక్టుల వేలంలో తక్కువ ధరకు కరెంటు ఇస్తామన్నవాళ్లదే గెలుపు. 2010లో దేశంలో జరిగిన తొలి వేలంలో యూనిట్ ధర 10 రూపాయలకు పైనే పలికింది. 2017 ఏప్రిల్‌లో మన కడప జిల్లా ప్రాజెక్టు వేలంలో 3 రూపాయల 15 పైసలకు దిగింది. ఆ మరుసటి నెలే రాజస్థాన్‌లోని భాడ్లాలో 2 రూపాయల 44 పైసలు.

పామూరు మీదుగా కనిగిరి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. లాడ్జి ముందు పెద్ద బోర్డు: 24 గంటల సోలార్ కరెంటు, సోలార్ వేడినీళ్లు. ఆ రెండో మాట చూసే దిగాం. గదికి 1,400 చొప్పున రెండు గదులు, పైన సోలార్ వసతికి 200, మొత్తం 3,000 ముందుగానే కట్టించుకున్నారు. తొమ్మిదిన్నరకు కరెంటు పోయింది. గదులతో పాటు వాకిట్లో సోలార్ కరెంటు అని రాసిన బోర్డు కూడా ఆరిపోయింది. కిందికి వెళ్లి అడిగితే, జనరేటర్ వేయాలంటే డీజిలుకు గదికి 150 అదనంగా కట్టాలన్నాడు కౌంటర్‌లో ఉన్నతను. మావారు ససేమిరా అన్నారు. అర్ధరాత్రి దాటాక కరెంటు వచ్చేవరకు అత్తయ్యకు పేపరుతో విసురుతూ కూర్చున్నాను.

అత్తయ్య ప్రయాణంలో ఉన్నా తెల్లవారకముందే స్నానం, దీపం తప్పవు. వేడినీళ్ల పంపు తిప్పి పది నిమిషాలు వదిలినా ధార వెచ్చబడలేదు. కౌంటర్‌కు ఫోను చేస్తే, మనిషి ఏడింటికి వస్తాడు, బకెట్ కాచి ఇస్తే 50 రూపాయలు అన్నారు. ఆవిడ అంతవరకు ఆగలేక చన్నీళ్లే పోసుకున్నారు. ఎనిమిదింటికల్లా మోకాళ్లు వాచాయి. పొదిలి వరకు ఎవరితోనూ మాట్లాడలేదు.

అన్నయ్య మేడ మీదికి వెళ్లి చూసివచ్చారు. సోలార్ హీటర్‌లో నీళ్లు గాజు గొట్టాల్లో వేడెక్కి ట్యాంకులోకి చేరతాయి. వేడి పోకుండా ట్యాంకుకు మందపాటి తొడుగు ఉంటుంది కాబట్టి పగలు ఎండ కాస్తే మర్నాటి ఉదయానికి కూడా నీళ్లు వేడిగానే ఉండాలి. ఇక్కడ గొట్టాలు సగం పగిలిపోయి ఉన్నాయి, గదులకు వెళ్లే పైపుకు బిరడా కొట్టి ఉంది. ఇంకో పక్కన దుమ్ము కొట్టుకుపోయిన నాలుగు కరెంటు ప్యానెళ్లు. బ్యాటరీ ఊసే లేదు. కిందికి వచ్చి నిలదీస్తే, "ప్యానెళ్లు ఉన్నాయి కదండీ, అబద్ధం ఎక్కడ చెప్పాం?" అన్నాడు. బిల్లు వేశాక తీసేయడం కుదరదట. ఆ 200 తిరిగి రాలేదు. సోలార్ అని రాసిన లాడ్జిలో దిగేవాళ్లు డబ్బు కట్టకముందే గదిలో వేడినీళ్ల పంపు తిప్పి చూడండి, బ్యాటరీ ఉందా అని అడగండి. జవాబు నమ్మకంగా లేకపోతే ఇంకొంచెం ఓపిక చేసుకుని ఒంగోలు వెళ్లిపోండి. మేము ఇదే డబ్బుకు తిరుగు ప్రయాణంలో అక్కడ చక్కటి గదుల్లో ఉన్నాం.

పొదిలిలో బంధువులు అత్తయ్య కాళ్లకు వేడినీళ్ల కాపడం పెట్టి, కాఫీ ఇచ్చాక ఆవిడ నోట మాట వచ్చింది. వాళ్లది 3 కిలోవాట్లు, మేడ మీద ఆరు ప్యానెళ్లు. 1,95,000 అయింది. ఇళ్ల మీద సోలార్ కోసం కేంద్రం 2024 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ పథకం కింద 78,000 సబ్సిడీ, మీటరు బిగించిన తరువాత నేరుగా బ్యాంకు ఖాతాలో పడింది. మంచి ఎండ రోజున 12 యూనిట్లు వస్తాయి. ఇంట్లో వాడగా మిగిలింది గ్రిడ్‌లోకి, అంటే వీధి కరెంటు లైన్లలోకి పోతుంది, రాత్రి అక్కడి నుంచే తెచ్చుకుంటారు, రెండు లెక్కలూ ఒకే మీటరు రాస్తుంది. వేసవిలో 2,800 వచ్చే బిల్లు ఇప్పుడు 250 దాటడం లేదట.

పన్నెండింటికి, ఎండ నిప్పులు చెరుగుతుండగా, వీధిలో కరెంటు పోయింది. వీళ్ల ఫ్యాన్లూ ఆగిపోయాయి! మావారి ముఖం వాడిపోయింది. ఇంత ఖర్చు పెట్టి ఎండలో కరెంటు లేకపోవడమేమిటి అన్నారు. అన్నయ్య స్వరం ఒక్కసారిగా మారింది. గ్రిడ్ ఆగితే ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఈ ఇన్వర్టర్ కూడా వెంటనే ఆగాలి, అది లోపం కాదు, నియమం అన్నారు. ఆగకపోతే ప్యానెళ్ల కరెంటు వెనక్కి వీధి తీగల్లోకి వెళుతుంది. లైను ఆపేశారనుకుని స్తంభం ఎక్కిన మనిషి ప్రాణం పోతుంది. ఎవరింటి జనరేటర్ నుంచో వెనక్కి వచ్చిన కరెంటు తగిలి తన తోటి ఉద్యోగి పడిపోవడం ఆయన కళ్లారా చూశారు. ఆ తరువాత ఎవరమూ కాసేపు మాట్లాడలేదు. కరెంటు పోయినా ఫ్యాను తిరగాలంటే గ్రిడ్ నుంచి ఇంటిని విడదీసి నడిపే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ కావాలి. అమ్మేవాళ్లు ఈ సంగతి ముందే చెప్పాలి. వీళ్లకు చెప్పలేదు.

ఆ మేడ మీదే అన్నయ్య దేశం లెక్క కూడా చెప్పారు. 2010లో జాతీయ సోలార్ మిషన్ మొదలైనప్పుడు 2022 నాటికి 20,000 మెగావాట్లు లక్ష్యం. 2014లో దేశమంతా కలిపి మూడు వేల మెగావాట్లు కూడా లేవు. 2015లో లక్ష్యాన్ని లక్షకు పెంచారు. గడువు దాటినా 2025 మొదట్లో ఆ లక్ష నిండింది. ఇది చిన్న విషయం కాదు, నాకు గర్వంగా అనిపించింది. అయితే లక్ష మెగావాట్ల సోలార్ అంటే లక్ష మెగావాట్ల బొగ్గు కరెంటుతో సమానం కాదని ఆయన గట్టిగా చెప్పారు. కృష్ణపట్నం దగ్గర నేలటూరులో ఉన్న మూడు 800 మెగావాట్ల యూనిట్లు బొగ్గు ఉంటే రాత్రీ నడుస్తాయి. ప్యానెల్ నుంచి ఏడాది సగటున వచ్చేది దాని సామర్థ్యంలో దాదాపు ఆరో వంతు నుంచి అయిదో వంతు వరకు. పొద్దుగూకి దేశమంతా దీపాలు వేసుకునే వేళకు అది సున్నా. అందుకే కర్నూలు వైపు పిన్నాపురంలో 1,680 మెగావాట్ల కేంద్రం కట్టారు: పగటి కరెంటుతో నీళ్లు పై చెరువులోకి తోడి, కరెంటు అవసరమైన వేళ కిందికి వదిలి టర్బైన్లు తిప్పడం. కనిగిరి లాడ్జిలో లేనిది, సి.ఎస్.పురం మెస్సులో బల్ల కింద ఉన్నది ఇదే, దాచుకునే ఏర్పాటు.

పశ్చిమ ప్రకాశంలో ప్యానెళ్లకు ఇంకో కష్టం నీళ్లు. పొదిలిలో తాగే నీళ్లకే ట్యాంకర్ కోసం చూస్తారు. బోరు నీళ్లతో కడిగితే ఉప్పు చారలు అద్దం మీద అంటుకుపోతాయి. అందుకని ఆ ఇంటి కోడలు తెల్లవారుజామున, ప్యానెల్ వేడెక్కకముందే, రెండు బకెట్ల మంచినీళ్లతో మెత్తటి గుడ్డ పెట్టి తుడుస్తుంది. తిరుగు ప్రయాణంలో చీమకుర్తి దగ్గర గ్రానైట్ దుమ్ముతో తెల్లబడిన ఇళ్ల కప్పులు చూశాక, అక్కడివాళ్లకు ఈ పని ఇంకెంత తరచుగా పడుతుందో అర్థమైంది.

ఇంటికి వచ్చాక కొటేషన్లు తెప్పించాం. మామూలు 3 కిలోవాట్లకు 1,90,000, హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీతో అయితే 3,05,000. బ్యాటరీకి సబ్సిడీ లేదు కాబట్టి మొదటిదే చాలునంటారు మావారు. రాత్రి కరెంటు పోతే ఫ్యాను తిరగాలి, ఆ తేడా డబ్బు తన పింఛను నుంచి ఇస్తానంటున్నారు అత్తయ్య. మావారు ఇంకా ఒప్పుకోలేదు. నేను మాత్రం అత్తయ్య పక్షమే.