పాత మిద్దెకు ఏసీ పెట్టించాం: మూడేళ్ల తర్వాత నా మాట

మెషిన్ గురించి నాకు ఫిర్యాదు లేదు. నా బాధంతా దాని కోసం గోడకు కొట్టిన రంధ్రం గురించే. అందుకే ఇందులో ఏసీ కంటే గోడ గురించే ఎక్కువ రాస్తున్నాను. టన్నులు, స్టార్లు, ధరలు ఏ షాపులో అడిగినా చెప్తారు. రాతి మిద్దెలో ఏసీ పెట్టిస్తే ఏమవుతుందో మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు.

కర్నూలు పాత టౌన్‌లో మాది తాతల నాటి మిద్దె. రాయికీ రాయికీ మధ్య బంకమట్టి పెట్టి కట్టిన గోడలు, వాటి మీద సున్నపు గార. మందం రెండడుగుల పైనే ఉంటుంది. పైన దూలాలు, దంతెలు, బండలు, ఆ బండల మీద మట్టి. ఏటా వానలకు ముందు చౌడు మట్టి వేయించడం నాయన ఇప్పటికీ మానలేదు. కింద బేతంచెర్ల బండలు. మధ్య గదికి కిటికీ ఒక్కటే, మిగతా వెలుతురంతా గవాచి నుంచే, అంటే వెలుతురు కోసం పైకప్పులో వదిలిన కన్నం నుంచే.

మిద్దె చల్లగా ఉంటుంది, ఏసీ ఎందుకని బంధువులు అడిగారు. ఏప్రిల్ దాకా నిజమే. మే నెలలో 43, 44 డిగ్రీల ఎండ వారం పది రోజులు వరుసగా కాసిందంటే ఆ మందపాటి గోడలే వేడిని దాచుకుని రాత్రంతా వదులుతాయి. నాయనకు డెబ్బై దాటాయి, ఆయాసం ఉంది. చలికాలంలో మోకాళ్లు పట్టేస్తాయి. అందుకని 2022 మార్చిలో ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్, హాట్ అండ్ కోల్డ్ రకం, అంటే చలికి వేడి గాలి కూడా ఇచ్చేది, తీసుకున్నాం. గవాచికి అద్దం మూత, చుట్టూ రబ్బరు పెట్టించాం. కరెంటు మీటరు లోడ్ పెంచుకుని, పాత వైర్లు ముట్టుకోకుండా ఏసీకి వేరే రాగి వైరు, వేరే ఎంసీబీ, కొత్త ఎర్తింగ్ వేయించాం. ఆ పనులు ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయాయి.

ఫిట్టింగ్‌కు ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. వాళ్ల డ్రిల్ మెషిన్ బిట్టు పొడవు అడుగు. మా గోడ మందం కొలిస్తే ఇరవై ఏడు అంగుళాలు. లోపలి నుంచి ఒక అడుగు, బయటి నుంచి ఒక అడుగు కొట్టి, మధ్యలో మిగిలింది గునపంతో పొడిచారు. మట్టి జలజలా రాలింది, చిన్న రాళ్లు ఊడి వచ్చాయి. చివరికి రెండు రంధ్రాలు కలిశాయి కానీ సూటిగా కాదు, బయటి వైపుది అంగుళంన్నర ఎత్తులో తేలింది. అంటే నీళ్లు పోయే పైపు బయటికి వాలకుండా లోపలికి వాలింది. అడిగాను కూడా.

"ఏం కాదన్నా, నీళ్లు వాటంతట అవే పోతాయి" అన్నాడు వాళ్లలో ఒకడు.

రాలిన రాళ్లను నాయన ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతున్నాడు, నోరు విప్పి ఏమీ అనలేదు. కుర్రాళ్లు రెండు వైపులా తెల్లగా పుట్టీ పూసి తుడిచేశారు. చూడటానికి చాలా నీట్‌గా ఉంది. నేను ఫోటోలు తీసి, పని భలే చేశారని బంధువులందరికీ పంపాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ ఎండాకాలం ఏ తేడా కనపడలేదు. కారణం తర్వాత అర్థమైంది. ఏసీ నుంచి కారే నీళ్లు గాలిలోని తేమే. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు గాలిలో తేమ చాలా తక్కువ, రాత్రంతా నడిచినా కారేది కొంచెమే. పైపు వాలు తప్పుగా ఉందని పట్టించేంత నీళ్లు అసలు రాలేదు. ఆగస్టులో మబ్బులు పట్టి ఉక్క మొదలయ్యాక అదే ఏసీ రాత్రికి బకెట్ దగ్గర దగ్గర నీళ్లు తీస్తుంది. ఆ నీళ్లన్నీ గోడలోకి పోయాయి.

ముందు పట్టుకున్నది నాయనే. గోడ పక్కనే ఆయన మంచం. ఒక రోజు పొద్దున్నే పిలిచి, "గోడ మెత్తబడింది రా, చెయ్యి పెట్టి చూడు" అన్నాడు. ఏసీ కింద రెండడుగుల మేర గార ఉబ్బి ఉంది. వేలితో తడితే డొల్లగా మోగింది, బొటనవేలితో నొక్కితే దిగిపోయింది. వెంటనే దొడ్డిలోకి పోయి పైపు కింద పెట్టిన బకెట్ చూశాను. రాత్రంతా ఏసీ నడిచింది, బకెట్ పొడిగా ఉంది. నాకు గుండె జారిపోయింది.

అంత భయం ఎందుకో కర్నూలు వాళ్లకు చెప్పనక్కర్లేదు. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికి వచ్చినప్పుడు ఈ గోడలు నీళ్లలో నానాయి. మా సందులో మట్టి గోడలు కూలిన ఇళ్లు ఉన్నాయి. మాది నిలబడింది కానీ పూర్తిగా ఆరడానికి నెలలు పట్టింది. అప్పటి నుంచి నాయన గోడ పక్కన నీళ్ల బిందె కూడా పెట్టనివ్వడు. అలాంటి మనిషి తలాపునే నేను డబ్బులిచ్చి మరీ గోడలోకి నీళ్లు వదిలించాను.

కొన్న చోట అడిగితే వారంటీ మెషిన్‌కే కానీ ఫిట్టింగ్‌కు కాదన్నారు. వాళ్లు పంపిన కుర్రాడు లోపలి ట్రేలో జగ్గుడు నీళ్లు ఒక్కసారే గుమ్మరించాడు. ఆ జోరుకు కొన్ని బయట పడ్డాయి. "చూడండి, పోతున్నాయి కదా" అని వెళ్లిపోయాడు. నిజంగా కారేటప్పుడు నీళ్లు చుక్కచుక్కగా వస్తాయి, అవి ఎత్తుకు ఎక్కవు. ఈ పరీక్ష నమ్మి ఎవరూ ఊరుకోవద్దు. చిన్న గ్లాసుతో నిదానంగా పోసి, బయట అన్నీ వచ్చాయో లేదో కొలిచి చూడండి.

చివరికి పాత మిద్దెల పని తెలిసిన బేల్దారి మేస్త్రిని తెచ్చుకున్నాం. గార కొట్టి చూస్తే, గోడ నడిమధ్యలో రెండు పైపు ముక్కలను టేపు చుట్టి అతికించి ఉన్నారు. ఆ అతుకు సరిగ్గా పల్లంలో ఉంది. చుట్టూ మట్టి బురదైంది, రెండు రాళ్లు చేత్తో కదిపితే కదులుతున్నాయి. సిమెంటుతో పూడ్చేద్దామా అని అడిగాను.

"సిమెంటు మాట ఎత్తొద్దు సామీ. పైన మూస్తే లోపలి తడి ఇంకో చోట పగలగొట్టుకుని వస్తుంది" అన్నాడు.

నెలన్నర పాటు గోడను తెరిచే ఉంచి, ఫ్యాను పెట్టి ఆరబెట్టాం. తర్వాత రాళ్లు బిగించి, సున్నం, ఇసుకతో పూడ్చాడు. ఏసీ అన్ని రోజులూ బంద్.

మళ్లీ బిగించేటప్పుడు ఇంకో రంధ్రం ఎక్కడ కొట్టాలని నేను గోడ కొలుస్తుంటే, నాయన కిటికీ మీది వెంటిలేటర్ చూపించి, "అది ఉండగా గోడకెందుకు రా" అన్నాడు. వెంటిలేటర్‌లో ఒక అద్దం తీసి చెక్క పలక బిగించి, ఆ పలకకు బయటికి వాలుగా పీవీసీ పైపు ముక్క పెట్టి, అందులోంచి రాగి పైపులు, వైరు, నీళ్ల పైపు తీశాం. నీళ్ల పైపు గది నుంచి దొడ్డి దాకా ఒకటే ముక్క, మధ్యలో అతుకు లేదు. పైపులు గది లోపల కనపడతాయి, అందంగా ఉండదు. నాకు ఆ అందం అక్కర్లేదు. ఈసారి వచ్చిన మెకానిక్ వ్యాక్యూమ్ పంపు పెట్టి అరగంట సేపు పైపుల్లో గాలి, తేమ లాగాకే గ్యాస్ వదిలాడు. మొదటివాళ్లు ఆ పంపే తేలేదు. మీ ఇంటికి వచ్చిన వాళ్ల చేతిలో అది లేకపోతే పని మొదలుపెట్టనివ్వకండి.

చల్లదనం గురించి నేను మొదట్లో పది నిమిషాల్లో గది ఐసైపోతుందని చెప్పేవాణ్ని. అది మార్చి నెల మాట. మేలో రాత్రి పదికి వేస్తే గాలి చల్లబడుతుంది కానీ గోడలు, పైకప్పు వేడి వదులుతూనే ఉంటాయి, అర్ధరాత్రి దాటితే గానీ హాయి ఉండదు. సాయంత్రం ఐదుకే 26 మీద వేసి సీలింగ్ ఫ్యాను తిప్పితే పడుకునే వేళకు గోడల వేడి కూడా దిగుతుంది. అప్పుడు ఈ మిద్దె గొప్పతనం తెలుస్తుంది. రాత్రి రెండుకు కరెంటు పోయినా గంటకు పైగా గది చల్లగానే ఉంటుంది. మా తమ్ముడి కొత్త ఫ్లాట్‌లో పావుగంటకే చెమట పడుతుంది.

నేను ఊహించని సంతోషం వేడి వైపు నుంచి వచ్చింది. అంతకుముందు చలికి 2,000 వాట్ల రూమ్ హీటర్ వాడేవాళ్లం. అది కరెంటునే వేడిగా మారుస్తుంది. ఈ మెషిన్ బయటి గాలిలో ఉన్న వేడిని లాగి లోపలికి తోడుతుంది, అందుకే తక్కువ కరెంటుకు ఎక్కువ వేడి వస్తుంది. మా మీటరులో హీటర్ రాత్రికీ దీనికీ సగానికి పైగా తేడా కనపడింది. ఏసీలో గాలి వచ్చే చోట ఉన్న రెక్కలు పూర్తిగా కిందికి తిప్పాలి, లేకపోతే వెచ్చటి గాలంతా పైనే ఉండిపోతుంది. డిసెంబర్, జనవరి తెల్లవారుజామున నాయన మోకాళ్లు పట్టుకోకుండా లేస్తున్నాడు. దీనికి నేను ఎంత ఇచ్చినా తక్కువే అనిపిస్తుంది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. వేడి మీద నడిచేటప్పుడు నీళ్లు లోపల కాదు, బయటి యూనిట్ నుంచి కారతాయి. మాది మిద్దె పైన, మట్టి మీద ఉంది. మొదటి చలికాలంలోనే కింద తడి చూసి, దానికీ ట్రే, పైపు పెట్టించాం. యూనిట్‌ను కూడా కప్పు మధ్యలో కాకుండా, బరువు గోడ మీద పడేలా అంచుకు జరిపాం.

మరి పాత మిద్దె ఉన్నవాళ్లు కొనొచ్చా? మా ఇంట్లో ముసలాయన ఉన్నాడు, ఇద్దరం సంపాదిస్తున్నాం, మంచి బేల్దారి దొరికాడు. ఇందులో ఏది లేకపోయినా నా జవాబు వేరేగా ఉండేదేమో. వేడి కోసం అదనంగా పెట్టే డబ్బు, చలికి బాధపడేవాళ్లు లేని ఇంట్లో దండగ కావచ్చు. మాకు ఏడాదిలో పాతిక రాత్రులు కూడా పట్టదు దాని అవసరం. రాతి, మట్టి గోడకు రంధ్రం కొట్టించడం గురించి మాత్రం నాకు రెండో ఆలోచన లేదు, వద్దే వద్దు.

పూడ్చిన చోట గార ఇప్పటికీ వేరే రంగులోనే ఉంది. గోడకు వెల్ల వేయిద్దామని మొన్న అన్నాను. "ఈ వానాకాలం కూడా చూద్దాం" అన్నాడు నాయన. పొద్దున్నే లేచి దొడ్డిలో బకెట్ చూసి, ఆ నీళ్లు కనకాంబరాలకు పోసి, తర్వాతే టీ తాగుతున్నాడు.